పిడుదు జ్వరానికి టీకా వచ్చిన వైనం



ఆవు చెవి లోపలా, తోక మొదట్లోనూ, పొదుగు మడతలోనూ ఒకసారి చేత్తో తడిమి చూడండి. గింజల్లాంటివి పట్టుకు వేళ్ళాడుతూ వుంటాయి. కొన్ని వూళ్ళలో వాటిని పిడుదులంటారు, కొన్ని వూళ్ళలో గోమార్లంటారు. నెత్తురు తాగి తాగి ఆముదపు గింజంత అయిన పిడుదును పీకి నిప్పుల్లో వెయ్యడం మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో వున్న పనే. పీడ విరగడైందనుకుంటాం. నిజానికి అది తాగిన నెత్తురు చిన్న నష్టం. తాగుతూ తాగుతూ తన లాలాజలంతోపాటు పశువు ఒంట్లోకి వదిలే క్రిమి వుంది చూశారూ, అదీ అసలు నష్టం.

ఆ క్రిముల్లో మన కొట్టాలకు ముఖ్యంగా తెలియవలసినవి రెండు. ఒకటి బెబీసియా. ఇది రక్తంలోని ఎర్రకణాల్లో దూరి వాటిని పగలగొడుతుంది. పశువు మూత్రం కాఫీ డికాక్షను రంగులో పోతుంది. అంచేత దీన్ని ఎర్రమూత్రపు జబ్బు అంటాం. రెండోది థైలేరియా. ఇది ముందు తెల్లకణాల్లో కాపురం పెట్టి, తర్వాత ఎర్రకణాలకు దిగుతుంది. జ్వరం 105, 106 డిగ్రీలకు పోతుంది. భుజానికి ముందున్న బిళ్ళ కోడిగుడ్డంత వాస్తుంది. పశువు ఎగరొప్పుతుంది, మేత ముట్టదు, కంటిపొరలు తెల్లగా పాలిపోతాయి.

ఇందులో వొక చిత్రం వుంది. బ్యాంకులో అప్పు తీసి తెచ్చుకున్న సంకరజాతి ఆవు ఈ జ్వరంతో పడిపోతుంది. పక్క గాటన కట్టిన నాటు ఆవు నెమరు వేస్తూ నిలబడే వుంటుంది. రెంటి ఒంటిమీదా పిడుదులే. రెంటికీ అదే గడ్డి, అదే నీరు. మరి ఒకటి పడిపోయి ఒకటి నిలబడడమేమిటి? ఈ ప్రశ్న మనకంటే ముందు అమెరికా రైతులకు వచ్చింది. దాన్ని తవ్వుకుంటూ పోతేనే టీకా దొరికింది.

అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. ఆ తర్వాత దక్షిణాదిన టెక్సాసు నుంచి వేలకు వేల గొడ్లను ఉత్తరాది రైలు స్టేషన్లకూ, పచ్చిక బీళ్ళకూ తోలుకుపోవడం మొదలుపెట్టారు. టెక్సాసు మందలు చూడడానికి నిక్షేపంగా వుండేవి. కాని అవి నడిచిపోయిన దారిలో నెలా నెలన్నర గడిచేసరికి ఉత్తరాది పశువులు నెత్తురు మూత్రం పోస్తూ కుప్పకూలేవి. 1868లో ఇల్లినాయి ప్రాంతంలో వేలకొద్దీ పశువులు ఇట్లా చచ్చిపోయాయి. దీనికి టెక్సాసు జ్వరమని పేరు పెట్టారు. టెక్సాసు గొడ్డుకేమో ఆ జ్వరమే లేదు! ఉత్తరాది వాళ్ళు తుపాకులు పట్టుకుని సరిహద్దుల్లో కాపలా కాశారంటే వాళ్ళ కడుపుమంట మీరే ఊహించుకోండి.

ఇది పిడుదుల వల్ల వచ్చే తెగులని పశువులు కాచే వాళ్ళు చాలాకాలంగా అంటూనే వున్నారు. పండితులు నవ్వారు. పేడలో విషముందన్నారు, నోటి చొంగలో విషముందన్నారు. చివరకు వాషింగ్టన్‌లోని పశు పరిశ్రమ బ్యూరోలో పనిచేసే ముగ్గురు మాత్రం ఆ మాటను కొట్టిపారెయ్యకుండా పరీక్షకు పెట్టారు. థియొబాల్డ్ స్మిత్ చదివింది మనుషుల వైద్యం. కిల్‌బోర్న్ పశువైద్యుడు. కూపర్ కర్టీస్ పిడుదు పుట్టుక నుంచి గుడ్డు పెట్టేదాకా దాని జీవితమంతా రాసి పెట్టినవాడు.

వాళ్ళు చేసిన పని ఎంత తేలికైనదో చూడండి. మన వూళ్ళో కంచె వున్న రైతు ఎవరైనా చెయ్యగలిగిందే. 1889 వేసవిలో ఉత్తర కరోలినా నుంచి పిడుదులున్న పశువులను తెప్పించారు. ఒక మడిలో వాటినీ, ఉత్తరాది పశువులనూ కలిపి వదిలారు. రెండో మడిలోకి తోలే పశువులకు ముందుగా పిడుదులన్నీ చేత్తో ఏరేశారు. మూడో మడిలో దక్షిణాది పశువన్నది లేదు. పిడుదులను తెచ్చి గడ్డిలో చల్లారు, అంతే. మొదటి మడిలోనూ, మూడో మడిలోనూ ఉత్తరాది పశువులు జబ్బుపడ్డాయి. ఏరేసిన మడిలో మాత్రం ఏమీ కాలేదు. ఇక పేడ సంగతీ చొంగ సంగతీ ఎవరు మాట్లాడతారు?

అయినా ఒక చిక్కు మిగిలింది. ఈ జాతి పిడుదు పిల్లగా ఎక్కిన పశువు మీదనే పెరిగి పెద్దదయి, నేల రాలి, గుడ్లు పెట్టి చస్తుంది. మధ్యలో ఇంకో పశువు మీదకు పోదు. అట్లాంటప్పుడు రోగం ఒకదాన్నుంచి ఇంకొకదానికి ఎట్లా దాటుతుంది? స్మిత్ గుడ్లను గదిలో పొదిగించి, పుట్టిన పిల్లపిడుదులను ఆరోగ్యంగా వున్న ఆవు మీద వదిలాడు. ఆవు జ్వరాన పడింది. అంటే తల్లి తాగిన నెత్తుటిలోని క్రిమి గుడ్డులో నుంచి పిల్లకు దిగివస్తున్నదన్నమాట! నెలా నెలన్నర ఆలస్యమెందుకో కూడా దీంతో తేలిపోయింది: రాలిన పిడుదు గుడ్లు పెట్టాలి, అవి పొదగాలి, పిల్లలు పశువునెక్కాలి. ఎర్రకణాల్లో జంటలు జంటలుగా కనపడే ఆ క్రిమిని స్మిత్ సూక్ష్మదర్శినిలో చూశాడు. అటువంటి క్రిమిని 1888లోనే రుమేనియాలో విక్టర్ బాబేష్ చూసి వున్నాడు కనుక తర్వాత అతని పేరే దానికి స్థిరపడింది.

ఈ పరిశోధన 1893లో అచ్చయింది. సికిందరాబాదు పక్క బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897 ఆగస్టు 20న. అంటే కుట్టే పురుగు ఇట్లాంటి క్రిమిని మోస్తుందని లోకానికి ముందు రుజువు చేసింది ఆవూ, పిడుదూను.

అమెరికా వాళ్ళు దీని తర్వాత టీకా దారి పట్టలేదు. పిడుదునే నిర్మూలించాలని పట్టుపట్టారు. 1906లో మొదలుపెట్టి, వూరూరా తొట్లు కట్టి, పాషాణం కలిపిన నీళ్ళలో పశువులను ముంచారు. రైతులు ఎదురు తిరిగారు. కొన్నిచోట్ల తొట్లను డైనమైటు పెట్టి పేల్చేశారు కూడాను. అయినా పట్టు వదలక 1943 నాటికి దేశమంతా ఆ పిడుదు పోయిందనిపించారు. మెక్సికో సరిహద్దున రియో గ్రాండే నది వెంబడి ఒక కాపలా పట్టీ మాత్రం ఈనాటికీ వుంచుకున్నారు. ఆ పిడుదుకు ఒకే పశువు ఆధారం కావడమూ, వెనక ప్రభుత్వపు బలముండడమూ వాళ్ళకు కలిసివచ్చింది. ఏడాది పొడుగునా వెచ్చగా వుండి, కుక్కా మేకా ఎద్దూ ఒకే చోట తిరిగే మన పల్లెలో ఆ ఉపాయం పారదు.

ఇంతకీ టెక్సాసు గొడ్డు ఎందుకు పడిపోలేదు? దూడగా వున్నప్పుడే దానికి పిడుదులు పట్టి, జ్వరం తేలిగ్గా వచ్చి పోయింది. బెబీసియా విషయంలో దూడకు ప్రకృతే ఒక రక్ష పెట్టింది; ఏడాది లోపు దూడకు పెద్ద పశువుకు వచ్చినంత తీవ్రంగా రాదు. వచ్చి పోయాక క్రిమి ఒంట్లో కాస్తో కూస్తో మిగిలి, తిరిగి జబ్బు పడకుండా కాపలా కాస్తుంది. దూడనాడు తగలని పశువే పెద్దయ్యాక చస్తుంది. అయితే ఆ తేలికైన జ్వరాన్ని మనమే ఎక్కిస్తేనో? టీకా అనే ఆలోచన మొత్తం ఇక్కడే పుట్టింది. దక్షిణాదికి కొని తెచ్చే ఖరీదైన ఆంబోతులకు జబ్బు నుంచి తేరుకున్న పశువు నెత్తురు ఎక్కించడం 1890లలోనే మిసూరి, టెక్సాసు శాస్త్రజ్ఞులు మొదలుపెట్టారు.

దాన్ని పట్టుకుని నడిపింది ఆస్ట్రేలియా. అక్కడ ఈ పిడుదు పుట్టుజాతి కాదు. 1872లో బటేవియా నుంచి, అంటే నేటి జకార్తా నుంచి, ఓడలో వచ్చిన పశువులతో డార్విన్ రేవున దిగింది. అక్కణ్ణుంచి పాకుతూ పాకుతూ 1890లలో క్వీన్స్‌లాండ్ మీద పడింది. అక్కడివి ఇంగ్లండు జాతి పశువులు. పిడుదు అంటే ఏమిటో వాటి తాతలకు కూడా తెలియదు. మందలకు మందలు తుడిచిపెట్టుకుపోయాయి. బ్రిస్బేన్‌లో పౌండ్ అనే శాస్త్రజ్ఞుడు, తేరుకున్న పశువు నెత్తురు పొడిస్తే మిగతావి నిలుస్తాయని 1897 ప్రాంతంలో చూపించాడు. అది మొదలు దరిదాపు డెబ్బయి ఏళ్ళపాటు ఇదే టీకా. మందలో తేరుకున్న గొడ్డునొకదాన్ని కట్టి వుంచుకోవడం, దాని మెడనరం నుంచి నెత్తురు తీసి మిగతావాటికి పొడవడం.

మంచి ఉపాయమే కాని అది జూదం. దాత పశువు నెత్తుటిలో ఆ రోజు క్రిములు ఎన్ని వున్నాయో ఎవరికి తెలుసు? ఒకనాడు బొత్తిగా వుండవు, టీకా వేసినా వేయనట్టే. ఇంకొకనాడు మరీ ఎక్కువ, టీకాతోనే పశువు పోతుంది. రైతు ఎవరిని తిడతాడు? టీకా వేసిన వాణ్ణే.

ఈ జూదాన్ని మాన్పించినవాడు లెస్ కాలో. క్వీన్స్‌లాండ్‌లో వేకోల్ అనే చోట పిడుదు జ్వరపు పరిశోధనలో పనిచేసినవాడు. ఒంట్లో ప్లీహం అనే అవయవం వుంది కదా. నెత్తుటిలోని చెడ్డ కణాలను జల్లెడ పట్టేది అదే. శస్త్రచికిత్స చేసి దాన్ని తీసేసిన దూడలో బెబీసియా అడ్డూ ఆపూ లేకుండా పెరుగుతుంది. కాబట్టి టీకాకు కావలసినంత క్రిమి ఒక్క దూడలో దొరుకుతుంది, లెక్కపెట్టి పొయ్యవచ్చు. ఒక మోతాదుకు ఇన్నని, కోటి క్రిములని, కొలత ఏర్పడింది. అదీగాక ఆయనకు ఇంకొకటి దొరికింది. ప్లీహం లేని ఒక దూడ నుంచి ఇంకో దూడకు, దాన్నుంచి మరో దూడకు, ఆలస్యం లేకుండా ఇరవై సార్లకు పైగా మారుస్తూ పోతే బెబీసియాలో ఎక్కువ ప్రాణాంతకమైన రకం మెత్తబడిపోయింది. పాదుకుంటుంది, పశువుకు శక్తినిస్తుంది, చంపదు. అడ్డు లేని ఒంట్లో పెరిగిన క్రిమికి పొగరు పెరగాలి గాని తగ్గడమేమిటని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. వేగంగా పెరిగేవే ముందుకు పోతూ, రక్తనాళాల గోడలకు అంటుకుని మెదడునూ మూత్రపిండాలనూ దెబ్బతీసే గుణమున్నవి వెనకబడిపోవడం ఇందుకు ఒక కారణంగా చెబుతారు. ఈ టీకా 1964 నుంచి రైతుల చేతికి వచ్చింది. వివరం 1966లో అచ్చయింది.

లోపం లేదా అంటే వుంది. అది బతికున్న నెత్తురు. మంచులో పెట్టి పంపినా నాలుగైదు రోజుల్లో వాడెయ్యాలి. దాత దూడ నెత్తుటిలో వేరే జబ్బు దాక్కుని వుంటే అదీ టీకాతోపాటు పోతుంది. ల్యుకోసిస్ అనే రక్తపు జబ్బు వైరసు ఇట్లా మందల్లోకి పాకిన సందర్భం ఆస్ట్రేలియాలోనే జరిగింది. తర్వాత దాతల పరీక్షలు కట్టుదిట్టం చేశారు.

ఆ దేశమే ఇంకో దారి కూడా వెతికింది. క్రిమికి కాదు, పిడుదుకే టీకా! పిడుదు పేగు గోడలో వుండే ఒక మాంసకృత్తును పీటర్ విల్లాడ్‌సెన్ బృందం పట్టుకుంది. దాన్ని పశువుకు పొడిస్తే పశువు నెత్తుటిలో దానికి విరుగుడు తయారవుతుంది. పిడుదు ఆ నెత్తురు తాగుతుంది, దాని పేగే చిల్లులు పడుతుంది. తన చావును తనే తాగడమన్నమాట. 1990ల మొదట్లో క్యూబాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఈ టీకాలు అమ్మకానికి వచ్చాయి. క్యూబాలో పిడుదుమందుల వాడకం బాగా తగ్గింది. ఆస్ట్రేలియాలో అది నిలవలేదు. మందు పోస్తే పిడుదులు ఆ పూటే రాలతాయి. ఈ టీకా మాత్రం తరం తర్వాత తరంగా వాటి గుడ్లను తగ్గిస్తుంది, అదీ మాటిమాటికీ వేయిస్తూ వుంటేనే. అంత ఓపిక రైతుకు ఎక్కడిది? పైగా పిడుదు జాతి మారితే టీకా పని కూడా మారిపోతుంది.

ఇక రెండో క్రిమి, థైలేరియా. దీని కథ మరీ మొండిది. ఆఫ్రికాలో 1902 ప్రాంతాన తూర్పు తీరం నుంచి తెచ్చిన పశువులతో రొడీషియాకు ఒక కొత్త జ్వరం వచ్చింది. దాన్ని ఆపడానికి క్షయక్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కాక్ అంతటివాణ్ణి 1903లో బులవాయోకు పిలిపించారు. ఆయన తేరుకున్న పశువుల నెత్తురు పొడిపించి చూశాడు. ఫలించలేదు. ఎందుకంటే ఈ క్రిమికి ఎర్రకణాల్లోని రూపం వేరు, రోగం తెచ్చే రూపం వేరు. రోగం తెచ్చేది తెల్లకణాల్లో, బిళ్ళల్లో వుంటుంది. నెత్తురు పొడిస్తే అది అందదు. బెబీసియాకు పనికివచ్చిన ఉపాయం దీనికి పనికిరాలేదు.

ఆ తూర్పుతీర జ్వరానికి ఉపాయం కెన్యాలో, నైరోబీ దగ్గర ముగుగా అనే చోట దొరికింది, అదీ 1970లలో. జబ్బు పశువు మీద మేసిన పిడుదులను నూరి, అందులోని క్రిమిని గడ్డకట్టించి దాచి, దాన్ని పశువుకు పొడిచి, అదే నిమిషాన ఆక్సీటెట్రాసైక్లిన్ ఇంజెక్షను కూడా ఇస్తారు. రోగాన్ని ఎక్కించి రోగాన్ని అణచడం. మొరటుగా వుందంటారా? వుంది. అయినా టాంజానియాలో మసాయి పశుపాలకులు చేతి డబ్బు పెట్టి దూడలకు వేయించుకుంటున్నారు.

మన దేశంలో వున్నది దాని చుట్టమే, అన్యులాటా అనే రకం. ఉత్తరాఫ్రికా నుంచి చైనా దాకా దీని రాజ్యం. దీన్ని మోసే పిడుదు కూడా ఎర్రమూత్రం మోసే పిడుదు కాదు. పిల్లగా ఒక పశువు మీదా, పెద్దయ్యాక ఇంకో పశువు మీదా మేస్తుంది. మధ్యలో గోడల పగుళ్ళలో, రాళ్ళ సందుల్లో దాక్కుంటుంది. దీనికి టీకా పుట్టింది పాలస్తీనాలో. 1945లో చెర్నోమోరెట్జ్ అనే శాస్త్రజ్ఞుడు జబ్బు పశువు తెల్లకణాలను గాజుపాత్రలో పెంచగలిగాడు. ఈ క్రిమి చొరబడిన తెల్లకణం చావు మరిచిపోతుంది. పుట్టకురుపు కణంలాగా రెండవుతూ నాలుగవుతూ పోతుంది, కణంతోపాటు క్రిమి కూడా రెండవుతుంది. పశువును చంపే గుణం ఇదే. శాస్త్రజ్ఞులకు వరమైనదీ ఇదే. దూడ అక్కరలేదు, ప్లీహం కోయనక్కరలేదు, సీసాలోనే కావలసినంత పెంచవచ్చు. పాత్ర నుంచి పాత్రకు నూరుసార్లకు పైగా మారుస్తూ పోతే అది మెత్తబడుతుంది. ఇజ్రాయెల్‌లో పిపానో మొదలైనవారు దీన్నే టీకాగా చేశారు. ఇరాన్, టర్కీ, సోవియెట్ దేశం, చైనా కూడా ఆ దారినే నడిచాయి.

మనకు ఆ అవసరం ఎప్పుడు వచ్చింది? ఒంగోలు జాతినే చూడండి. మన పశువూ ఈ పిడుదూ యుగాలుగా కలిసి బతికినవి. చర్మం దళసరి కాదుగాని చురుకైనది, పిడుదును ఎక్కువసేపు నిలవనీయదు. ఆ గుణం కోసమే మన ఒంగోలు పశువులను బ్రెజిల్ పట్టుకుపోయి నెల్లూరు పేరుతో నెలోరె అని పిలుచుకుంటున్నది. అమెరికా వాళ్ళు మన దేశపు జాతులు కలిపి బ్రాహ్మణ్ జాతిని చేసుకున్నారు. ఆస్ట్రేలియా ఆ బ్రాహ్మణ్‌నే 1933లో తెప్పించుకుంది. వాళ్ళు మన పశువు గట్టిదనాన్ని తీసుకుపోయారు. మనం వాళ్ళ పశువు పాలను తెచ్చుకున్నాం. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైన తర్వాత జెర్సీ, హోల్‌స్టైన్ సంకరాలు మన పల్లెల్లోకి వచ్చాయి. పాలు పెరిగిన మాట నిజం. ఆ పాలతోనే పిల్లల చదువులు సాగిన ఇళ్ళు ఎన్నో వున్నాయి. కాని ఆ ఆవుతోపాటే, మన నాటు పశువు లెక్కచెయ్యని థైలేరియా కూడా ఇంటి సమస్య అయి కూర్చుంది. మొదట్లో నేను అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. రెండు గాటాల మీదా ఒకే పిడుదు, కాని ఒకదాని వంశానికి అది పాతకాపు, ఇంకొకదానికి కొత్తది. పైగా దూడలకు బెబీసియా నుంచి వున్న రక్ష థైలేరియా నుంచి లేదు. సంకరదూడ నెలల పిల్లగా వుండగానే పోవచ్చు.

1980లలో బుపార్వక్వోన్ అనే మందు వచ్చి ఎన్నో పశువులను నిలబెట్టింది. జ్వరం మొదట్లోనే పడితే బాగా పనిచేస్తుంది. నెత్తురు విరిగిపోయాక వేస్తే ఖర్చు మిగులుతుంది. మంచి మందే కాని ఖరీదైనది. అందుకనే మన శాస్త్రజ్ఞులు కూడా కణాల టీకాకే పూనుకున్నారు. హర్యానాలో హిస్సారు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో దీనిమీద చాలా పని జరిగింది. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ 1982లో స్థాపించిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ, మన హైదరాబాదులోనే, రక్షావాక్-టి అనే పేరుతో దాన్ని తయారుచేసింది.

ఈ టీకా గురించి మీరు తెలుసుకోవలసింది ముఖ్యంగా దాని నిలవ సంగతి. గాలికుంటు టీకా ఐసుపెట్టెలో పెట్టి తెస్తారు. ఇది అట్లా కాదు. బతికున్న కణం కనుక కృత్రిమ గర్భధారణ వీర్యం లాగా ద్రవ నత్రజని డబ్బాలో వుండాలి, సున్నాకు దిగువ 196 డిగ్రీల చలిలో. బయటకు తీసి కరిగించాక ఆలస్యం లేకుండా పొడిచెయ్యాలి. మిగిలింది దాచి రేపు వేద్దామంటే కుదరదు. ఒక్క ఆవు కోసం డాక్టరుగారు డబ్బా తెరవలేకపోవడానికి కారణం ఇదే. అంచేత వూళ్ళో సంకరదూడలున్న వాళ్ళు పదిమంది కలిసి, పేర్లు రాయించి, ఒకే రోజున ఒకే చోటికి తోలుకురావడం మేలు. రెండు నెలలు దాటిన దూడకు వేయిస్తారు. చూడి ఆవుల సంగతీ, జ్వరంతో వున్న వాటి సంగతీ ముందుగానే డాక్టరుగారికి చెప్పాలి. శక్తి రావడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక, పిడుదులు విజృంభించే వేసవికీ వానకాలానికీ ముందే వేయించుకోవాలి. టీకా వేసిన పశువుకు కూడా పిడుదులు పడతాయి. ఈ టీకా థైలేరియాకే గాని ఎర్రమూత్రానికి పనిచెయ్యదు. గోడ పగుళ్ళు మెత్తడం, గచ్చు సందులు కాల్చడం, పిడుదుమందు డాక్టరు చెప్పిన కొలతలోనే వాడడం ఎప్పటిలాగే వుండాలి. ఈ సంవత్సరం మీ ఆసుపత్రికి ఈ టీకా వస్తుందా, నత్రజని డబ్బా నిండి వుందా అన్నది మాఘమాసంలోనే వెళ్ళి అడగండి. ఎండలు ముదిరాక అడిగితే వరుసలో మీ వూరు వెనకబడుతుంది.